టెక్ సందేహాలు: పెళ్లిచీర ఎరుపు ఫోన్‌లో మండిపోతోంటే ఏ మానిటర్ కొనాలి?

ప్రశ్న: నెల్లూరులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ప్రీమియర్ ప్రో వాడతాను. నా పాత 22 అంగుళాల మానిటర్‌లో బాగానే ఉన్న వీడియో పార్టీవాళ్ల ఫోన్‌లో చూస్తే చీర ఎరుపు మండిపోతోంది, ముఖాలు నారింజ రంగుకు తిరుగుతున్నాయి. కొత్త మానిటర్‌కు 30 వేల దాకా పెట్టగలను. షాపులో 27 అంగుళాల 4కె తీసుకోమంటున్నారు. తీసుకోవచ్చా?

4కె మాట కాసేపు పక్కన పెట్టండి. మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి చూస్తే మీ మానిటర్‌కు రంగుల పరిధి చాలడం లేదు. యూట్యూబ్‌కైనా, హెచ్‌డీ టీవీకైనా, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే ఫైలుకైనా మామూలు వీడియో రెక్ 709 అనే ప్రమాణం మీదే నడుస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంత చిక్కగా ఉండాలో అందులో 1990లోనే ఖరారు చేశారు. కంప్యూటర్లలో వాడే ఎస్‌ఆర్‌జీబీ కూడా అవే మూల రంగులను తీసుకుంది. చవక ప్యానెళ్లు ఈ పరిధిని పూర్తిగా చూపించలేవు. స్పెసిఫికేషన్‌లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (పాత టీవీ రంగుల ప్రమాణం) అని ఉంటే ఎస్‌ఆర్‌జీబీలో మూడింట రెండు వంతులు కూడా లేనట్టు. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే దాదాపు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ.

తక్కువ పరిధి ఉన్న స్క్రీన్ మీద పెళ్లికూతురి ఎర్రచీర వెలిసినట్టు కనబడుతుంది. మీరు శాచురేషన్ (రంగు చిక్కదనం) పెంచుతారు. అదే ఫైలు ఆమోలెడ్ ఫోన్‌లోకి వెళ్లేసరికి చీర మడతలు, జరీ అంచు అన్నీ కలిసి ఒకే ఎర్రముద్ద అవుతాయి. పసుపు రాసిన బుగ్గలు నారింజకు తిరుగుతాయి.

దీనికి ఎదురు చిక్కు ఇంకోటి ఉంది. ఈమధ్య గేమింగ్ మానిటర్లు 90, 95 శాతం డీసీఐ పీ3 (డిజిటల్ సినిమా రంగుల ప్రమాణం) అని గొప్పగా రాసుకుంటున్నాయి. పీ3 పరిధి ఎస్‌ఆర్‌జీబీ కన్నా పెద్దది. దాన్ని అదుపు చేయకుండా వాడితే మామూలు వీడియో కూడా అతిగా చిక్కగా కనిపిస్తుంది. మీరు శాచురేషన్ తగ్గిస్తారు, పార్టీవాళ్ల ఇంట్లో పెళ్లి వెలవెలబోతుంది. అందుకే పెద్ద పరిధి ఉన్న మానిటర్ కొంటే మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉందో లేదో చూడండి. ఉన్నా చాలదు, ఆ మోడ్‌లో బ్రైట్‌నెస్ మార్చుకోనిస్తుందో లేదో కూడా చూడాలి. కొన్ని మానిటర్లలో ఎస్‌ఆర్‌జీబీ పెట్టగానే బ్రైట్‌నెస్ స్లైడర్‌కు తాళం పడిపోతుంది. ఈ సంగతి డబ్బా మీద రాయరు, సమీక్షల్లోనే తెలుస్తుంది.

ప్యానెళ్లలో ఐపీఎస్, టీఎన్, వీఏ అని రకాలుంటాయి. మీది ఐపీఎస్ అయి ఉండాలి. టీఎన్ అసలు వద్దు, తల కాస్త పైకెత్తినా రంగు మారుతుంది. వీఏ ప్యానెల్‌లో నలుపు చక్కగా ఉంటుంది. కాంట్రాస్ట్ ఐపీఎస్‌కు సుమారు 1000:1 అయితే వీఏకు 3000:1 ఉంటుంది. కానీ పక్కనుంచి చూస్తే వీఏలో నీడల వివరాలు మారిపోతాయి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ప్రమో ఎడిట్ చేసి చూడండి, తేడా తెలుస్తుంది. నల్లరాయిలో మెరిసే బంగారు చుక్కలు ఎదురుగా కూర్చున్న మీకు ఒకలా, పక్క కుర్చీలో ఉన్న ఫ్యాక్టరీ యజమానికి మరోలా కనిపిస్తాయి. పక్కన మనిషిని కూర్చోబెట్టుకుని ఎడిట్ చేయడం మన దగ్గర మామూలే కాబట్టి ఐపీఎస్సే మేలు.

ఎన్ని ఛాయలు చూపగలదో చెప్పే బిట్ల విషయంలో అసలైన 8 బిట్ ఉంటే మీ పనికి సరిపోతుంది. 6 బిట్ ప్లస్ ఎఫ్‌ఆర్‌సీ అంటే లేని ఛాయలను రెండు రంగుల మధ్య గబగబా మార్చి భ్రమింపజేయడం. సాయంత్రపు ఆకాశం, స్టేజీ వెనక లైటింగ్ లాంటి చోట్ల చారలు పడే అవకాశం వాటిలో ఎక్కువ. 10 బిట్ ఉంటే మంచిదే, కానీ దానికోసం బడ్జెట్ దాటొద్దు.

ఇప్పుడు 4కె. 27 అంగుళాల 4కెలో అంగుళానికి 163 పిక్సెళ్లు. అక్షరాలు చదవలేక విండోస్‌లో స్కేలింగ్ 150 శాతం పెట్టుకుంటారు. అప్పుడు టైమ్‌లైన్‌కు దొరికే జాగా 2560×1440 మానిటర్‌లో ఉన్నంతే. అక్షరాలు నునుపుగా ఉంటాయి, అంతే లాభం. అదే 30 వేలలో 4కె కావాలంటే రంగుల దగ్గరో స్టాండ్ దగ్గరో కోత పడుతుంది. 27 అంగుళాల 1440పీ మీకు తగిన సైజు. 27లో 1080పీ మాత్రం వద్దు, అంగుళానికి 82 పిక్సెళ్లే, గింజలు గింజలుగా ఉంటుంది. మానిటర్ మారిస్తే ఎక్స్‌పోర్ట్ వేగం పెరుగుతుందనో తగ్గుతుందనో ఎవరైనా అంటే నమ్మకండి, దానికీ దీనికీ సంబంధం లేదు.

మోడల్ పేరు కావాలంటే అసుస్ ప్రోఆర్ట్ పీఏ278క్యూవీని కొలబద్దగా పెట్టుకోండి: 27 అంగుళాలు, 1440పీ, ఐపీఎస్, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, 75 హెర్ట్జ్, కంపెనీలోనే డెల్టా ఈ 2 లోపు ఉండేలా సరిచేసి పంపుతారు. డెల్టా ఈ అంటే ఉండాల్సిన రంగుకూ కనిపించే రంగుకూ తేడా, 2 లోపు ఉంటే కంటికి దాదాపు తెలియదు. బడ్జెట్ బిగుతుగా ఉంటే అదే వరుసలో పీఏ248క్యూవీ ఉంది. 24.1 అంగుళాలు, 1920×1200. కింద అదనంగా వచ్చే 120 వరుసలు ఆడియో ట్రాకులు పరుచుకోవడానికి బాగా పనికొస్తాయి. ధరలు సేల్ రోజుల్లో ఒకలా, మిగతా రోజుల్లో ఒకలా ఉంటాయి. బెన్‌క్యూ, డెల్, ఎల్‌జీల్లో ఇవే లక్షణాలున్నది తక్కువకు దొరికితే అదే తీసుకోండి.

75 హెర్ట్జ్‌ను చిన్న విషయం అనుకోవద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మండపం లైట్లు మినుకుమినుకుమనకుండా చాలామంది 25 ఫ్రేముల్లో షూట్ చేస్తారు. 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద కొన్ని ఫ్రేములు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు పడి కెమెరా తిప్పినప్పుడు వీడియో గతుకుల రోడ్డెక్కినట్టు ఉంటుంది. ఫుటేజ్ పాడైందని కంగారుపడతారు. మానిటర్‌ను 50, 75, 100 హెర్ట్జ్‌ల్లో దేనిలో పెట్టినా ఆ కుదుపు పోతుంది. 24 ఫ్రేములైతే 120 హెర్ట్జ్ సరిగ్గా కుదురుతుంది.

కొన్నాక అరగంట ఆన్‌లో ఉంచి అప్పుడు రంగులు చూడండి. మెనూలో ఎస్‌ఆర్‌జీబీ లేదా రెక్ 709 మోడ్ పెట్టండి. డైనమిక్ కాంట్రాస్ట్, ఎకో, బ్లూలైట్ ఫిల్టర్ ఆపేయండి. విండోస్‌లో నైట్ లైట్ కూడా ఆపాలి, చాలామంది మరిచిపోయేది ఇదే. బ్రైట్‌నెస్ 100 నుంచి 120 నిట్స్ (తెర వెలుగు కొలత) చాలు. ఎక్కువ మానిటర్లు 250, 350 నిట్స్‌తో వస్తాయి, పూర్తి వెలుగులో వదిలేస్తే మీరు వీడియోను చీకటి చేసి పంపుతారు. స్లైడర్ సాధారణంగా 20, 35 మధ్య ఎక్కడో ఆగుతుంది. షట్టర్ తీసి రోడ్డు ఎండ నేరుగా పడే చోట స్క్రీన్ పెట్టకండి. వెలుతురు పక్కనుంచి రావాలి. గదిలో 6500 కెల్విన్ ట్యూబ్ వేసి, ఎదురుగా కనిపించే గోడకు బూడిదరంగో తెలుపో వేయించండి. చిలకాకుపచ్చ గోడ ముందు కూర్చుంటే కంటి లెక్క మారిపోయి ముఖాల్లో ఎరుపు ఎక్కువ కనిపిస్తుంది.

ఫోటోషాప్‌లో నల్లని పేజీ మీద ఆర్‌జీబీ విలువలు 4, 8, 12, 16 ఉన్న చదరాలు గీయండి. 12, 16 లీలగానైనా కనిపించాలి. కనిపించకపోతే బ్రైట్‌నెస్, గామా (మధ్య ఛాయలు ఎంత వెలుగ్గా కనిపించాలో చెప్పే అంకె) సరిచూడండి. గామా 2.2లో ఉంచండి. చీకటి గదిలో మాత్రమే పనిచేసేవాళ్లు 2.4 పెట్టుకుంటారు.

ప్రీమియర్‌లో డిస్‌ప్లే కలర్ మేనేజ్‌మెంట్ అనే టిక్ ఉంటుంది, వెర్షన్‌ను బట్టి ప్రిఫరెన్సెస్‌లో జనరల్‌లోనో కలర్‌లోనో. ఇది విండోస్‌లో ఉన్న ఐసీసీ ప్రొఫైల్‌ను, అంటే మానిటర్ రంగుల వివరాలుండే ఫైలును నమ్ముతుంది. పెద్ద పరిధి మానిటర్‌ను మెనూలో ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, విండోస్‌లో కంపెనీ ఇచ్చిన పీ3 ప్రొఫైల్‌నే వదిలేస్తే దిద్దుబాటు రెండుసార్లు జరిగి రంగులు వెలిసిపోతాయి. మానిటర్ ఎస్‌ఆర్‌జీబీలో ఉంటే ప్రొఫైల్ కూడా ఎస్‌ఆర్‌జీబీనే పెట్టండి. కాలిబ్రైట్, డేటాకలర్ స్పైడర్ లాంటి కొలిచే పరికరం ఒక్కరే కొనడం బరువు. నలుగురు స్టూడియోవాళ్లు కలిసి ఒకటి కొని రెండు మూడు నెలలకోసారి అందరి మానిటర్లకూ వాడుకోవచ్చు. డిస్‌ప్లేకాల్ సాఫ్ట్‌వేర్ ఉచితమే.

ఇంత చేసినా పార్టీవాళ్ల టీవీ వివిడ్ మోడ్‌లో ఉంటే ఎరుపు ఎక్కువే కనిపిస్తుంది. దానికి తగ్గట్టు వీడియో మార్చకండి, టీవీని సినిమా మోడ్‌లో పెట్టుకోమని చెప్పండి. మండపంలో ఎల్‌ఈడీ వాల్‌ను చూసి కలర్ సరిచేసే అలవాటు ఉంటే అది కూడా మానేయండి.

ప్రశ్న: ఒంగోలులో ఉంటాను. బండలాగుడు పోటీలు తీసి యూట్యూబ్‌లో పెడతాను. హెచ్‌డీఆర్ 400 అని రాసి ఉన్న మానిటర్ కొన్నాను. తెల్లగిత్తలు నీలంగా కనిపిస్తున్నాయి. హెచ్‌డీఆర్ ఆన్ చేస్తే స్క్రీన్ అంతా బూడిద పూసినట్టయింది.

ముందు హెచ్‌డీఆర్ (వెలుగు, చీకటి తేడాను ఎక్కువగా చూపే విధానం) ఆపేయండి. విండోస్ కీ, ఆల్ట్, బి కలిపి నొక్కితే చాలు. డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400 ముద్రకు 400 నిట్స్ వెలుగు కావాలి గానీ, చీకటి భాగాల్లో బ్యాక్‌లైట్‌ను విడిగా తగ్గించే లోకల్ డిమ్మింగ్ తప్పనిసరి కాదు. అది లేకుండా హెచ్‌డీఆర్ అంటే పేరుకే. మామూలు వీడియో పనికి మీ మానిటర్ హెచ్‌డీఆర్ ఆఫ్‌లోనే బాగుంటుంది.

నీలం సంగతి మెనూలో కలర్ టెంపరేచర్‌ది. కూల్‌లో ఉండి ఉంటుంది, 6500కె పెట్టండి. ఆ తర్వాత కంటిని కాక స్కోపును, అంటే రంగులను గీతలుగా చూపే గ్రాఫును నమ్మండి. ప్రీమియర్‌లోని ల్యూమెట్రీ స్కోప్స్‌లో ఆర్‌జీబీ పెరేడ్ తెరిచి, గిత్త డొక్క మీద తెల్లటి చోట మూడు రంగుల గీతలు ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడండి. మూపురం, మెడ దగ్గర కొలవకండి. ఒంగోలు గిత్తలకు అక్కడ సహజంగానే నల్లదనం ఉంటుంది, దాన్ని తెలుపు చేయబోతే మిగతా రంగులు చెడతాయి. మిట్టమధ్యాహ్నం ఫుటేజ్‌లో డొక్క గీత 100 దగ్గర అతుక్కుపోయి ఉంటే ఆ వివరం కెమెరాలోనే పోయింది, ఏ మానిటరూ తిరిగి తేలేదు. ఐఫోన్‌తో కూడా తీస్తుంటే కెమెరా సెట్టింగుల్లో రికార్డ్ వీడియోలోకి వెళ్లి హెచ్‌డీఆర్ వీడియో ఆపేయండి. లేకపోతే ఆ క్లిప్పులు మాత్రమే తెల్లగా పేలిపోయినట్టు కనిపించి తలనొప్పి.

ప్రశ్న: కావలి నుంచి. 4కె మానిటర్‌ను పాత ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐతో పెట్టాను. మౌస్ జారినట్టు, ఆగి ఆగి కదులుతోంది.

30 హెర్ట్జ్‌లో నడుస్తోంది. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్తే అదే అంకె కనిపిస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ 1.4 ఉంటే 4కెకు 30 హెర్ట్జే గరిష్ఠం, కేబుల్ ఎంత ఖరీదైనది కొన్నా మారదు. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 లేదా డిస్‌ప్లేపోర్ట్ 1.2 ఉండాలి. ల్యాప్‌టాప్‌లో టైప్ సి పోర్ట్ పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో ఉంటే టైప్ సి నుంచి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వేయండి. గుర్తు లేకపోతే కొనేముందు మాన్యువల్ చూడండి, ప్రతి టైప్ సి పోర్టూ బొమ్మ పంపదు. ఇవేవీ లేకపోతే రిజల్యూషన్ 1440పీకి తగ్గించి 60 హెర్ట్జ్‌లో ఎడిట్ చేసుకోవచ్చు, కాస్త మసకగా ఉంటుంది. పోర్ట్ 2.0 అయినా 30 దగ్గరే ఆగితే మానిటర్ మెనూలో హెచ్‌డీఎంఐ వెర్షన్ 2.0కి మార్చి చూడండి, తర్వాత ప్రీమియం హై స్పీడ్ అని ముద్ర ఉన్న పొట్టి కేబుల్ వేయండి.

ప్రశ్న: సింగరాయకొండలో మాది చిన్న స్టూడియో. మానిటర్ బదులు 43 అంగుళాల 4కె టీవీ పెట్టుకోవచ్చా?

రెండో స్క్రీన్‌గా, పార్టీకి చూపించడానికి పెట్టుకోండి. కలర్ పనికి వద్దు. రెండున్నర అడుగుల దూరంలో కూర్చుంటే మూలలు మీకు వాలుగా పడి, వీఏ ప్యానెల్ అయితే రంగు తగ్గుతుంది. పెట్టినప్పుడు ఇన్‌పుట్ రకాన్ని పీసీ అని మార్చండి, లేకపోతే ఎరుపు అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. మోషన్ స్మూతింగ్ ఆపండి. నలుపు బూడిదగా ఉంటే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో చేంజ్ రిజల్యూషన్ కింద అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్‌ను ఫుల్‌కు మార్చి, టీవీలో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్‌ను దానికి జత కలపండి. ఒకటి ఫుల్, మరోటి లిమిటెడ్ ఉంటే నలుపు ఎప్పుడూ తప్పుగానే వస్తుంది.

ప్రశ్న: కోవూరు నుంచి. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ ఉన్నా మానిటర్, సిస్టమ్ రెండూ ఆగిపోతున్నాయి.

27 అంగుళాల మానిటర్‌కు 25 నుంచి 40 వాట్లే. బరువంతా గ్రాఫిక్స్ కార్డుది. రెండరింగ్‌లో సిస్టమ్, మానిటర్ కలిసి 360 వాట్లు దాటుతుంటే 600 వీఏ యూపీఎస్ మోయలేదు, దాని అసలు సామర్థ్యం 360 వాట్ల దగ్గరే. 1000 లేదా 1100 వీఏ తీసుకోండి. బ్యాటరీకి రెండు మూడేళ్లు దాటితే ముందు అది మార్పించి చూడండి. ఎస్‌ఎంపీఎస్‌లో (సిస్టమ్‌కు కరెంటు అందించే పెట్టె) యాక్టివ్ పీఎఫ్‌సీ ఉంటే ప్యూర్ సైన్ వేవ్ రకమే అడగండి, చవక యూపీఎస్‌ల చదరపు తరంగానికి కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు ఆ క్షణంలోనే ఆగిపోతాయి. లేజర్ ప్రింటర్‌ను మాత్రం ఆ యూపీఎస్‌కు తగిలించకండి.