నాయన 1971 యుద్ధంలో చేసిన సర్వీసు వివరాలు ఎట్లా తెలుసుకునేది?

అన్నా, మీ నాయన 1971లో ఆర్మీలో ఉన్నాడు, కాగితాలేం మిగల్లేదు, ఎక్కడ అడగాలి అన్నారు కదా, ముందు ఇంట్లో ట్రంకుపెట్టె వెతకండి, మెడల్ ఒక్కటి దొరికినా చాలు. మాది కడప, మా నాయనకు 1971 యుద్ధానికి ఇచ్చిన సంగ్రామ్ మెడల్ నల్లగా మాసిపోయి ఉండె, గుడ్డతో తుడిచి ఎండలో తిప్పి చూస్తే అంచు మీద సన్నగా ఆర్మీ నంబరు, పేరు చెక్కి ఉన్నాయి, చూసి మా అమ్మ ఏడ్చేసింది. ఆ నంబరుంటే సగం పని అయినట్టే. పూర్వీ స్టార్ అనే మెడల్ ఉంటే యుద్ధంలో తూర్పు వైపు, పశ్చిమీ స్టార్ ఉంటే పడమర వైపు పోయినాడని అర్థం.

రికార్డులన్నీ ఒకే చోట ఉండవు, మద్రాస్ రెజిమెంట్‌వి వెల్లింగ్టన్‌లో, మద్రాస్ సాపర్లవి (అంటే ఆర్మీ ఇంజనీర్లవి) బెంగళూరులో, ఆర్టిలరీవి (ఫిరంగి దళానివి) నాసిక్ రోడ్‌లో. పింఛన్ లేనోళ్ల ఫైళ్లు డిశ్చార్జ్ అయిన 25 ఏళ్లకు తీసేస్తారు, అయినా దిగులు పడొద్దు, చేరినోళ్ల పేర్లు రాసే లాంగ్ రోల్ అనే రిజిస్టర్ మాత్రం ఎప్పటికీ ఉంచుతారు, ఆ రికార్డు ఆఫీసుకు పెట్టే అర్జీలో దాన్నే పేరుపెట్టి అడగండి. రాయడం తెలీకపోతే జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకు పోండి. పాత ఉత్తరాలు కూడా పారేయొద్దు, కేరాఫ్ 56 ఏపీఓ, 99 ఏపీఓ (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు) అని ఉండే అడ్రస్‌లో ఊరి పేరు ఉండదు గానీ యూనిట్ పేరు ఉంటుంది.