నాన్నగారి కీళ్లవాతం మాత్ర వైరల్ జ్వరానికి వాడవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 61 ఏళ్లు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు రెండేళ్లుగా బారిసిటినిబ్ మాత్రలు వాడుతున్నారు. ఇదే మందు కోవిడ్‌కు కూడా పనిచేస్తుందని కంప్యూటర్ సాయంతో కనుగొన్నారని చదివాను. మా తమ్ముడికి రెండు రోజులుగా జ్వరం, ఒళ్లునొప్పులు ఉన్నాయి. ఇంట్లో ఉన్న ఆ మాత్రలే ఇవ్వవచ్చా?

జవాబు: దయచేసి ఇవ్వకండి. మీరు చదివిన విషయం నిజమే. అయితే ఆ మందు ఎవరికి, ఏ దశలో పనికొచ్చిందో తెలుసుకుంటే, మీ తమ్ముడికి అది ఎందుకు తగదో మీకే అర్థమవుతుంది.

కొత్త వైరస్ వ్యాపించినప్పుడు సరికొత్త మందు తయారు కావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఇప్పటికే వాడుకలో ఉండి, దుష్ఫలితాలు చాలావరకు తెలిసిన మందుల్లో ఏదైనా పనికొస్తుందేమోనని ముందుగా కంప్యూటర్‌తో వెతుకుతారు. వైద్య పరిశోధన పత్రాల్లోని మందులు, ప్రొటీన్లు, వ్యాధుల మధ్య సంబంధాలను ఒక పెద్ద వలగా అల్లి, అందులో వెతికిన బెనెవొలెంట్ ఏఐ సంస్థ పరిశోధకులు 2020 ఫిబ్రవరిలోనే బారిసిటినిబ్ పేరును సూచించారు. వైరస్ మన కణంలోకి చొరబడటానికి తోడ్పడే ఏఏకే1 అనే ప్రొటీన్‌ను ఈ మందు అడ్డుకోగలదని, పైగా శరీరంలో చెలరేగే వాపును కూడా తగ్గిస్తుందని వారు అంచనా వేశారు. రోగులకు ప్రధానంగా మేలు చేసింది ఈ రెండో గుణమేనని ఇప్పుడు భావిస్తున్నారు.

ఆ అంచనాను ఎవరూ నేరుగా చికిత్సగా మార్చలేదు. ముందుగా 1,033 మంది ఆసుపత్రి రోగులపై రెమ్‌డెసివిర్ అనే వైరస్ నిరోధక మందుతో కలిపి పరీక్షించారు. ఆ తర్వాత బ్రిటన్‌లో 8 వేల మందికి పైగా రోగులు పాల్గొన్న ‘రికవరీ’ అనే పరీక్ష (ట్రయల్)లో మరణాల ముప్పు 13 శాతం మేర తగ్గింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022 మేలో పూర్తి అనుమతి ఇచ్చినప్పుడు కూడా, ఆసుపత్రిలో చేరి ఆక్సిజన్ లేదా వెంటిలేటర్ వంటి ఆధారం అవసరమైన పెద్దలకే పరిమితం చేసింది.

మీ తమ్ముడి పరిస్థితి అది కాదు. జ్వరం మొదలైన తొలి రోజుల్లో వైరస్‌తో పోరాడేది మన రోగనిరోధక శక్తే. బారిసిటినిబ్ సరిగ్గా ఆ శక్తినే అణచివేస్తుంది. తీవ్ర ఇన్ఫెక్షన్లు, అణగి ఉన్న క్షయ తిరగబెట్టడం, రక్తనాళాల్లో గడ్డలు దీని వల్ల తలెత్తే ప్రమాదాలు. మీ నాన్నగారికి ఈ మందు మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష, రక్త పరీక్షలు చేయించేది ఇందుకే. పైగా మీ తమ్ముడికి వచ్చింది కోవిడో, ఫ్లూనో, డెంగీయో ఇంకా తేలనే లేదు.

కంప్యూటర్ సూచనల మీద మరీ ఎక్కువ నమ్మకం పెట్టుకునే వారికి నేను చెప్పే ఉదాహరణ మరొకటి ఉంది. డాకింగ్ అనే పద్ధతిలో వైరస్ ప్రొటీన్ ఆకారాన్ని తెరపై నిలిపి, దాని మీద ఉన్న చిన్న గుంటలో ఒక్కో మందు అణువును అటూ ఇటూ తిప్పి అమర్చి చూస్తూ, ఎంత గట్టిగా అతుక్కుంటుందో మార్కులు వేస్తారు. అయితే ఎక్కువ మార్కులు వచ్చిన అణువు కాలేయాన్ని దాటి ఊపిరితిత్తులకు ఎంత మోతాదులో చేరుతుందో ఆ మార్కులు చెప్పలేవు. ప్రయోగశాలలోని కణాలు కూడా అన్నీ చెప్పలేవు. హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా కీళ్లవాతం మందే. అది కోతి మూత్రపిండ కణాల్లో కరోనా వైరస్‌ను బాగానే ఆపింది, కానీ మన ఊపిరితిత్తుల కణాల్లోకి వైరస్ ప్రవేశించే దారి వేరు. చివరకు అదే రికవరీ ట్రయల్‌లో ఆ మందు మరణాలను తగ్గించలేదని 2020 జూన్‌లో తేలింది. ఒకే జబ్బుకు వాడే రెండు మందుల్లో ఒకటి నిలిచి, మరొకటి వీగిపోయింది. ఆ తేడాను తేల్చింది రోగులపై జరిగిన పరీక్షే. డెంగీకి కూడా క్లోరోక్విన్, లోవాస్టాటిన్ వంటి పాత మందులను రోగులపై పరీక్షించి చూశారు, ఫలితం దక్కలేదు.

ప్రస్తుతానికి మీ తమ్ముడికి వయసుకు, బరువుకు తగిన మోతాదులో పారాసెటమాల్, తగినంత ద్రవాలు ఇవ్వండి. డెంగీ కాదని తేలేవరకు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. డాక్టర్‌కు చూపించి, అవసరమైన రక్త పరీక్షలు చేయించండి. ఆయాసం, తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తస్రావం, మగత వంటివి కనిపిస్తే, జ్వరం తగ్గిన తర్వాతైనా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నాకు ఎక్కువ ఆందోళన మీ నాన్నగారి గురించే. ఇన్ఫెక్షన్ ఆయనకు సోకితే తీవ్రం కావచ్చు, కాబట్టి తమ్ముడి గదికి ఆయనను కొన్నాళ్లు దూరంగా ఉంచండి. ఆయనకు జ్వరం వస్తే బారిసిటినిబ్ ఆపాలా, కొనసాగించాలా అన్నది మీరు నిర్ణయించకుండా, అదే రోజు కీళ్లవాత నిపుణుడికి ఫోన్ చేసి అడగండి.