పాత కలర్ ఫోన్లు: మీ సందేహాలు, మా జవాబులు

ప్రశ్న: నాన్నగారి నోకియా 6600 బీరువాలో ఏళ్ల తరబడి ఉండిపోయింది. ఆయన తీసిన ఫొటోలు, ఊళ్లో చుట్టాల నంబర్లు అందులోనే ఉన్నాయి. చార్జర్ పెడితే తెర వెలగడం లేదు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఫోన్ రిపేరు షాపులో చూపిస్తే "సాఫ్ట్‌వేర్ కొడితే లేస్తుంది" అన్నారు. కొట్టించమంటారా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: వద్దమ్మా. సాఫ్ట్‌వేర్ కొట్టడమంటే ఫోన్ మెమరీని తుడిచి మళ్లీ రాయడం. మీకు కావలసిన ఫొటోలూ నంబర్లూ దాంతోపాటే పోవచ్చు. అవి ఉండేది ఫ్లాష్ మెమరీలో కనుక బ్యాటరీ ఎన్నాళ్లు చచ్చిపడి ఉన్నా చెరిగిపోవు. ముందు అనుమానించాల్సింది బ్యాటరీనే.

బ్యాటరీ బయటికి తీసి చదునైన బల్ల మీద పెట్టి వేలితో తిప్పండి. బొంగరంలా తిరిగితే ఉబ్బినట్టే. అలాంటిదాన్ని పొడవకండి, చార్జింగుకూ పెట్టకండి. కాంటాక్టుల మీద టేపు అంటించి ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇచ్చేయండి. ఉబ్బకపోతే మల్టీమీటర్‌తో ప్లస్, మైనస్‌ల మధ్య కొలవండి. 2.5 వోల్టులకన్నా తక్కువ చూపిస్తే దాని మీద ఆశ వదులుకోండి. అంతగా దిగిపోయిన సెల్‌లో రాగి రేకు కరుగుతుంది, మళ్లీ చార్జ్ చేస్తే లోపల షార్ట్ కావచ్చు. 3 వోల్టులు దాటి ఉంటే చార్జర్ పెట్టి అరగంట ఓపిక పట్టండి. బాగా దిగిన బ్యాటరీకి చార్జింగ్ గుర్తు వెంటనే కనిపించదు.

కొత్తది కొనాలంటే బీఎల్-5సీ అని అడగండి. నోకియా 1100లో వాడిందీ ఇదే. చిన్న రేడియోల కోసం ఇప్పటికీ అమ్ముతున్నారు. మూడు కాంటాక్టులూ ఉన్నదే తీసుకోండి, ఎందుకంటే ఫోన్ బ్యాటరీ రకాన్ని గుర్తుపట్టేది మూడోదాని ద్వారానే. చార్జర్ పిన్ను 3.5 మిల్లీమీటర్ల లావుది ఉండాలి. తర్వాతి మోడళ్లకు వచ్చిన 2 మిల్లీమీటర్ల సన్నపిన్ను దీనికి పట్టదు.

ఫోన్ లేచాక సిమ్ వేయండి. లాక్ కోడ్ అడిగితే మొదట 12345 కొట్టి చూడండి, కంపెనీ పెట్టి పంపింది అదే. అది కాకపోతే ఊహించి వరసగా కొట్టకండి, ఐదు తప్పులకు కాసేపు తలుపు మూసేస్తుంది. *#7370# జోలికి మాత్రం పోవద్దు. ఆ కోడ్ ఫోన్‌ను ఫార్మాట్ చేస్తుంది.

ఫొటోలను ఎంఎంసి కార్డులోకి, అంటే ఈ ఫోన్‌కు పట్టే మెమరీ కార్డులోకి, కాపీ చేసి కార్డ్ రీడర్‌లో పెట్టడం అన్నిటికన్నా తేలిక. ఎస్‌డీ కార్డులు చదివే రీడర్లు చాలావరకు ఎంఎంసినీ చదువుతాయి. ఎస్‌డీ కార్డు మాత్రం ఈ ఫోన్లో దూరదు, మందం ఎక్కువ. కార్డుకు నాన్నగారు పాస్‌వర్డ్ పెట్టి ఉంటే ఈ ఫోన్ దాన్ని గుర్తుంచుకుని అడగకుండానే తెరుస్తుంది, రీడర్ తెరవలేదు. కాబట్టి కార్డు బయటికి తీయకముందే ఫోన్లోని మెమరీ మెనూకి వెళ్లి పాస్‌వర్డ్ తీసేయండి. నంబర్లను బ్లూటూత్‌లో కొత్త ఫోన్‌కు పంపవచ్చు. కొత్త ఫోన్లో బ్లూటూత్ సెట్టింగుల పేజీ తెరిచే ఉంచండి, రెండింటిలోనూ ఒకే కోడ్, అంటే 0000 లాంటిది, కొట్టండి. ఫొటోలు 640×480 పిక్సెళ్లవే. పెద్ద ప్రింట్లకు పనికిరావు గానీ ఆల్బమ్ సైజుకు చక్కగా వస్తాయి. వీడియోలు 3జీపీ ఫైళ్లు, వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో ఆడతాయి.

ప్రశ్న: 2002 నాటి నోకియా 7210 కొన్నాను. వాల్‌పేపర్‌లో ఆకాశం చారలు చారలుగా ఉంది, ఆటలో కదిలే బొమ్మ వెనక నీడ పడుతోంది. తెర మార్చాలా?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: మార్చకండి, అది ఆ తెర స్వభావం. అది చూపగలిగేది 4,096 రంగులే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 16 మెట్లు, మూడింటినీ గుణిస్తే అంతే. ఆకాశంలో నీలం నెమ్మదిగా పలచబడాల్సిన చోట మెట్టు మెట్టుగా దిగుతుంది, ఆ మెట్లే మీకు చారలుగా కనిపిస్తున్నాయి. నీడకు కారణం వేరు. ఇది పాసివ్ తెర. ప్రతి పిక్సెల్‌కూ సొంత ట్రాన్సిస్టర్ ఉండదు, వరసల వారీగా నడపాలి. అందుకే పాత బొమ్మ చెరగడానికి సమయం పడుతుంది. 6600లో ఉన్న టీఎఫ్‌టీలో ఆ ట్రాన్సిస్టర్లు ఉన్నాయి, రంగులూ 65,536. ఈ తేడా చూడటానికైనా రెండూ పక్కపక్కన పెట్టుకోవడం మంచి సరదా.

మార్చాల్సిన తెర ఎలా ఉంటుందంటే, నల్లమచ్చ రోజురోజుకూ పాకుతుంది, లేదా నిలువు గీత పోదు. కీ నొక్కితే శబ్దం వస్తూ తెర మాత్రం తెల్లగా ఉంటే ముందు తెరను బోర్డుకు కలిపే కనెక్టర్ చూడండి. బ్యాటరీ తీసి, నక్షత్రం మొన ఉండే టార్క్స్ టీ6 స్క్రూడ్రైవర్‌తో విప్పి, ప్లాస్టిక్ పుల్లతో కనెక్టర్ లేపండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరాక బిగించండి. సగం ఫోన్లు దీంతోనే దారికొస్తాయని మా నమ్మకం.

ప్రశ్న: పాత నోకియాలో జియో సిమ్ వేస్తే సిగ్నల్ రావడం లేదు. ఫోన్ పాడైందా?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి

జవాబు: జియోకు 2జీ లేదు, ఈ ఫోన్లకు అదే కావాలి. ఎయిర్‌టెల్ లేదా వీఐ సిమ్ వేసి చూడండి. నానో సిమ్‌ను అడాప్టర్‌లో పెట్టి వేయండి. ఖాళీ అడాప్టర్‌ను మాత్రం ఎప్పుడూ దూర్చకండి, తీసేటప్పుడు సిమ్ పిన్నులు దానికి తగులుకుని విరుగుతాయి.

ప్రశ్న: అమ్మ తెలుగులో మెసేజ్ పంపితే 6600లో డబ్బాలు కనిపిస్తున్నాయి.
– ఒక పాఠకురాలు, టీ నగర్

జవాబు: అందులో తెలుగు ఫాంటు లేదు. సెట్టింగులతో బాగయ్యేది కాదు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి పంపమనండి. అలాగైతే ఒక మెసేజ్‌లో 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 మాత్రమే.

ప్రశ్న: మా నోకియా 1600 మన శ్రీపెరుంబుదూరులోనే తయారైందా? కొన్నాళ్లు వాడకుండా దాచాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, శ్రీపెరుంబుదూరు

జవాబు: బ్యాటరీ తీసి కింది స్టిక్కర్ చదవండి. "మేడ్ ఇన్ ఇండియా" అని ఉంటే మీ ఊరిదే అయ్యే అవకాశం ఎక్కువ. అక్కడి కర్మాగారం 2006లో మొదలై 2014 నవంబరులో ఆగిపోయింది. అక్కడ పనిచేసినవాళ్ల ఇళ్లలో ఆ ఫోన్లు ఇంకా ఉంటాయి, పారేయకుండా జాగ్రత్తగా ఉంచుకోవాలని మా మనవి.

దాచేటప్పుడు బ్యాటరీని సగం చార్జిలో, అంటే దాదాపు 3.8 వోల్టుల దగ్గర ఆపి, ఫోన్ నుంచి వేరు చేయండి. మన సముద్రపు తేమకు కాంటాక్టులు పచ్చగా చిలుము పడతాయి. మూత బిగువుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ సంచి వేసి ఫోన్ అందులో ఉంచండి. బ్యాటరీని విడిగా, చల్లని చోట పెట్టి, ఆరు నెలలకోసారి వోల్టేజి కొలిచి, 3.5కు దిగితే మళ్లీ సగం వరకు ఎక్కించండి.