బ్యాటరీ కారు కొన్న మేనకోడలికి

ఒంగోలు

చి॥ సౌ॥ శైలజకు మామయ్య ఆశీస్సులు.

మూడేళ్లు వాడిన ఎలక్ట్రిక్ కారు కొన్నారనీ, అల్లుడు గారు రోజూ కావలి నుంచి నెల్లూరుకు దాని మీదే పోయి వస్తున్నారనీ తెలిసి సంతోషం. రోజూ నూరు శాతం నింపొచ్చా, రాత్రంతా ప్లగ్గుకు వదిలేయొచ్చా, బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుంది అని అడిగావు. మూడు ప్రశ్నలూ తిరిగి తిరిగి మన ఎండ దగ్గరికే వస్తాయి. మన జిల్లాల్లో బ్యాటరీని కిలోమీటర్ల కంటే వేడి ఎక్కువగా తినేస్తుంది. నిండా ఛార్జి చేసిన కారు మండుటెండలో గంటల తరబడి నిలబడిందంటే మరీను.

ఎందుకో చెప్తాను, కారణం తెలిస్తే మిగతాదంతా నీకే తోస్తుంది. సీట్ల కింద పరిచినట్టుండే పెట్టెలో సెల్స్ ఉంటాయి. మీ కారుది ఎల్‌ఎఫ్‌పీ రకం, అంటే లిథియం, ఇనుము, ఫాస్ఫేటు కలిసింది. ఒక్కో సెల్ 3.2 వోల్టులు, అలాంటివి వంద వరుసగా కలిపితే 320 వోల్టులు. ప్రతి సెల్‌లో ఒక పక్క గ్రాఫైటు, ఇంకో పక్క ఆ ఫాస్ఫేటు, మధ్యలో సన్న రంధ్రాలున్న ప్లాస్టిక్ పొర, అన్నిటినీ తడిపి ఉంచే ద్రవం. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైటులోకి పోయి దూరతాయి, కారు నడిచేటప్పుడు తిరిగి వస్తాయి. గ్రాఫైటు మీద మొదటి ఛార్జింగ్‌లోనే ఒక సన్నటి పొర కడుతుంది. అది అవసరమే, ద్రవాన్ని గ్రాఫైటు నుంచి కాపాడుతుంది. కానీ మీ బోరు నీళ్లు కాచే గిన్నెకు గార పట్టినట్టు ఏటేటా కొంచెం కొంచెం మందమవుతుంది. అందులో చిక్కిన లిథియం మళ్లీ పనికి రాదు. బ్యాటరీ ముసలిదవడమంటే చాలావరకు ఇదే. సెల్ ఎంత వేడిగా, ఎంత నిండుగా ఉంటే ఆ పొర అంత త్వరగా మందమవుతుంది.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. కావలి నుంచి నెల్లూరు పోయి వస్తే 105 కిలోమీటర్ల దాకా అవుతుంది. కిలోమీటరుకు 150 వాట్-అవర్లు వేసుకుంటే 16 యూనిట్లు (వెయ్యి వాట్-అవర్లు ఒక యూనిట్). మీది 30 యూనిట్ల ప్యాక్, అంటే ఆ సెల్స్ పెట్టె, కాబట్టి సగానికి కాస్త పైన ఖర్చవుతుంది. పొద్దున 85 శాతంతో బయలుదేరితే సాయంత్రం 30 దగ్గర ఇల్లు చేరతారు. మధ్యాహ్నం నెల్లూరులో ఎండకు నిలబడే వేళకు బ్యాటరీ 57, 58లో ఉంటుంది. రోహిణి కార్తెలో దానికి అంతకంటే మంచి స్థితి లేదు. అందుకే రోజూ 85 చాలు.

ఇంటికి రాగానే గన్, అంటే కారుకు గుచ్చే ఛార్జింగ్ పిడి, తగిలించవద్దు. రోడ్డు వేడి, నడిచిన వేడి కలిసి ప్యాక్ కాగి ఉంటుంది. నాలుగైదు గంటలు చల్లారనివ్వు. 15 ఆంపియర్ల ప్లగ్గు మీద గంటకు 3.3 యూనిట్లు వస్తాయి. 30 నుంచి 85కు 16.5 యూనిట్లు కావాలి, ఛార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి మీటర్లో 19 దాకా తిరుగుతుంది, అంటే ఆరు గంటలు. అర్ధరాత్రి పన్నెండుకు మొదలయ్యేట్టు టైమరు పెడితే ఆరింటికి అయిపోతుంది, ఏడింటికి బండి బయటపడుతుంది. ఎండాకాలం రాత్రుళ్లు వోల్టేజి 200కు పడిపోతే ఇంకో అరగంట, ముప్పావు గంట ఎక్కువ పడుతుంది.

వారానికొకసారి మాత్రం నూరు శాతం నింపాలి. ఎల్‌ఎఫ్‌పీకి ఒక గుణం ఉంది: 30 నుంచి 80 శాతం మధ్య దాని వోల్టేజి దాదాపు కదలదు. వోల్టేజి చూసి ఎంత మిగిలిందో బీఎంఎస్, అంటే బ్యాటరీని కనిపెట్టుకునే కంప్యూటరు, చెప్పలేదు. వచ్చిన కరెంటు, పోయిన కరెంటు లెక్క కట్టుకుంటూ పోతుంది. ఆ లెక్కలో రోజూ కాస్త తప్పు చేరుతుంది. నిండినప్పుడే అది సరిచేసుకుంటుంది. హెచ్చుతగ్గులుగా ఉన్న సెల్స్‌ను సమం చేసేదీ అప్పుడే, నెమ్మదిగా. కాబట్టి నూరు చూపించాక కూడా ఒక గంట గన్ తీయకుండా ఉంచు, ఆ వెంటనే కారు బయటకు తీయండి. ఈ పని మానేస్తే 18 శాతం చూపిస్తున్న బండి ఉన్నట్టుండి 6కు పడిపోయి రోడ్డు మీద ఆపేస్తుంది. మీ ఆడపడుచు వాళ్ల కారు ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీసు, కోబాల్టు) రకమైతే ఈ మాట వాళ్లకు చెప్పొద్దు. దానికి రోజువారీగా 80 చాలు, దూరం పోయే రోజునే నూరు.

బ్యాటరీ కంటే ముందు నాకు మీ ఇంటి వైరింగు మీద అనుమానం. ఈ కార్లు ఛార్జి పెట్టే ఇళ్లల్లో సాకెట్ దగ్గరే కాలడం మొదలవ్వొచ్చు. గీజరు పది నిమిషాలు లాగి ఆగుతుంది, కారు ఆరు గంటలు ఆగకుండా 15 ఆంపియర్లు లాగుతుంది. మెయిన్ బోర్డు నుంచి కారుకు విడిగా 4 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు లాగించు. దానికి సొంత ఎంసీబీ (లోడు మించితే ఆపేసే స్విచ్చి), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి) ఉండాలి. సాకెట్ ఇండస్ట్రియల్ రకం పెట్టించు. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఇంట్లో ఉన్నా కారు దగ్గరికి రానివ్వకు. ఛార్జింగ్ మొదలైన అరగంటకు ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి నిలవకపోతే వెంటనే ఆపి, సాకెట్ వెనక వైరు వదులైందేమో చూపించు. మీటరు లోడు 3 కిలోవాట్లే ఉంటే కారు, ఒక ఏసీ కలిసి దాన్ని దాటేస్తాయి. కరెంటు ఆఫీసులో 5 కిలోవాట్లకు పైగా పెంచమని అర్జీ పెట్టండి.

ఎర్తింగ్ సంగతి మరీ ముఖ్యం. ఎర్త్ సరిగా లేకపోతే ఛార్జర్ ఎర్ర లైటు వేసి మొరాయిస్తుంది. కొందరు ఎలక్ట్రీషియన్లు ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేసి లైటు ఆర్పేస్తారు. ఎవరు చెప్పినా అది చేయనివ్వకు. న్యూట్రల్ తెగితే కారు ఒళ్లంతా 230 వోల్టులు ఎక్కుతుంది, తలుపు పట్టుకున్న పిల్లవాడి ప్రాణం పోతుంది. మీది ఇసుక నేల కాబట్టి వేసవిలో ఎర్త్ గుంట ఎండిపోతుంది. బొగ్గు, ఉప్పు వేసి కొత్త గుంట తీయించు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా రెండు రోజులకొక బిందె నీళ్లు పోయించు. మల్టీమీటరు పెడితే న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు.

ఫాస్ట్ ఛార్జింగ్ ప్రయాణాలకే ఉంచుకోండి. ఇంటి ప్లగ్గు ప్యాక్‌లోకి 10 ఆంపియర్లు పంపితే, 50 కిలోవాట్ల ఛార్జర్ 150 దాకా తోస్తుంది. చెన్నైకి పోయే రోజు నూరు శాతంతో తెల్లవారుజామున బయలుదేరి, నాయుడుపేట దగ్గర ఆగి 80 దాకా నింపుకుని పోండి. 80 దాటాక వేగం తగ్గిపోతుంది, అక్కడ కూర్చోవడం దండగ. హైవే మీద 100లో పోతే 80లో పోయినదానికంటే కిలోమీటరుకు పాతిక, ముప్పై శాతం ఎక్కువ కాలుతుంది. మధ్యాహ్నం గట్టిగా తోలుకొచ్చి వెంటనే గన్ పెడితే బండి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఛార్జర్ చెడిందని గొడవ పడొద్దు, సెల్స్‌ను కాపాడుకుంటోంది.

సున్నాకు తెచ్చి వదిలేయకండి. 5 శాతంలో వారాల తరబడి నిలబడితే సెల్ మరీ దిగజారి లోపలి రాగి రేకు కరుగుతుంది. మళ్లీ ఛార్జి పెట్టినప్పుడు ఆ రాగి ముళ్లలా పేరుకుని లోపలే షార్ట్ అవుతుంది. ఊరెళ్లి పది పదిహేను రోజులు రామంటే 50 శాతంలో, నీడలో, గన్ తీసి పెట్టండి. మామూలు కారుకుండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ దీనికీ ఉంటుంది. అది పడుకుంటే పెద్ద ప్యాక్ నిండుగా ఉన్నా బండి లేవదు. మన వేడికి మూడు నాలుగేళ్లకు మార్చాల్సిందే, మీది మార్చారో లేదో కనుక్కో.

తుఫాను రోజుల్లో మీ దగ్గర వాగులు రోడ్డెక్కుతాయి. ప్యాక్‌కు ఐపీ67 అని రాసి ఉంటుంది, అంటే కొత్త ప్యాక్ మీటరు లోతు నీళ్లలో అరగంట ఓర్చుకుందని అర్థం. వాగులో కారు దింపడానికి అది అనుమతి కాదు. నీళ్లలో నిలబడిన కారును స్టార్ట్ చేయొద్దు, ఛార్జి పెట్టొద్దు, తాడు కట్టి లాగించొద్దు. చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది. నాలుగు చక్రాలూ పైకెత్తి లారీ మీదే పంపాలి. రొయ్యల గుంటల వైపు ఉప్పునీళ్లు తగిలితే ఇంకా ప్రమాదం. అలాంటి బండిని ఇంటికి ఆనించి పెట్టొద్దు. పొగ, బుసబుసమనే చప్పుడు వస్తే అందరూ దూరం జరిగి 101కి ఫోన్ చేయండి. ఆరిందనుకున్న మంట గంటల తర్వాత మళ్లీ లేస్తుంది.

కూలెంట్ (ప్యాక్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గితే కుళాయి నీళ్లు పోయొద్దు. లోపల లీకైతే ఆ నీళ్లు కరెంటును మోస్తాయి. కంపెనీ చెప్పిందే పోయించండి. నారింజ రంగు వైర్ల జోలికి ఎవరినీ పోనివ్వొద్దు. స్పీడు బ్రేకరుకు కారు అడుగు భాగం గట్టిగా తగిలితే ఆ రోజే లిఫ్టు ఎక్కించి చూపించండి.

బ్యాటరీ ఎంత మిగిలిందో మీరే చూసుకోవచ్చు. నూరు నుంచి 20 శాతం దాకా నడిపి, ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో ట్రిప్ మీటర్లో చూసి 0.8తో భాగించండి. 22 చూపిస్తే నిండు ప్యాక్ 27.5 అన్నమాట. కంపెనీ కాగితంలోని అంకెతో పోల్చొద్దు, కొంత భాగం వాడకుండా దాచి ఉంచుతారు. ఆరు నెలలకొకసారి ఇదే పని చేసి పాత అంకె పక్కన రాసుకోండి. సర్వీసుకు పోయినప్పుడు ఎస్‌ఓహెచ్ (బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం మిగిలిందో చెప్పే) రిపోర్టు కాగితం మీద అడిగి తీసుకో. చాలా కార్లకు బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. రెండో యజమానికి అది ఎంతవరకు వర్తిస్తుందో వారంటీ పుస్తకంలో వేరుగా రాసి ఉంటుంది. ఆర్సీ మీ పేరు మీదకు రాగానే ఆ మార్పును సర్వీసు సెంటర్లో నమోదు చేయించి, రసీదు తీసుకోండి. మొదటి ఎస్‌ఓహెచ్ రిపోర్టు రాగానే ఫొటో తీసి నాకు పంపు.

మీ మామయ్య