డాడ్జ్ ట్యాంక్ హఠాత్తుగా ఎందుకు చచ్చిపోతున్నాడు?

ప్రశ్న: అక్కా, మేం నలుగురం ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా చిన్న ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్ చేస్తున్నాం. ట్యాంక్‌లు, అంటే జట్టు ముందు నిలబడి దెబ్బలు తినేవాళ్ళు, మూడు రకాలు. ఒకడికి డాలు ఉంటుంది, ప్రతి దెబ్బలో 60 శాతం తగ్గుతుంది. రెండోవాడు తప్పించుకుంటాడు, డాడ్జ్ ఛాన్స్ 60 శాతం. మూడోవాడు తిన్న దెబ్బలో కొంత హెచ్‌పీగా (ప్రాణం పాయింట్లుగా) తిరిగి రాబట్టుకుంటాడు. లెక్కలో మొదటి ఇద్దరూ సమానమే. ఆడించి చూస్తే డాడ్జ్ వాడు ఒకసారి చెక్కుచెదరడు, ఇంకోసారి రెప్పపాటులో పోతాడు. డాడ్జ్ 70కి పెంచుదామని ఒకరు, హెచ్‌పీ పెంచుదామని ఇంకొకరు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఇంజనీరింగ్ విద్యార్థి, మధురవాడ

జవాబు: రెండూ వద్దు తమ్ముడూ. మీ సగటు సరిగ్గానే ఉంది. కానీ ట్యాంక్ చచ్చిపోయేది సగటు వల్ల కాదు, వరసగా పడే దెబ్బల వల్ల.

హెచ్‌పీ 10,000, బాస్ (ఫైట్‌లోని పెద్ద శత్రువు) దెబ్బ 4,000 అనుకోండి. డాలు వాడికి ఒక్కో దెబ్బకీ పోయేది 1,600. వరసగా మూడు పడినా 4,800, ఇంకా సగం పైనే ప్రాణం ఉంటుంది. డాడ్జ్ వాడికి తగిలినప్పుడల్లా పూర్తి 4,000. మూడు వరసగా తగిలే అవకాశం 6.4 శాతం. తక్కువే కదా అనిపిస్తుంది. బాస్ 2 సెకన్లకో దెబ్బ వేస్తే 5 నిమిషాల ఫైట్‌లో 150 దెబ్బలు, కాబట్టి ఆ వరస ఎక్కడో ఒకచోట రావడం దాదాపు ఖాయం. వచ్చినప్పుడు మొదటి దెబ్బ నుంచి చావు దాకా 4 సెకన్లే. డాడ్జ్ 70కి పెంచితే అవకాశం 2.7కి తగ్గుతుంది, చచ్చే తీరు మాత్రం అదే.

ఇక్కడ హీలర్ గురించి, అంటే జట్టుకి పోయిన ప్రాణం నింపేవాడి గురించి ఆలోచించండి. మా రెయిడ్ (పెద్ద బాస్‌ల మీదకి కలిసి వెళ్ళే జట్టు) హీలర్ స్టీల్‌ప్లాంట్‌లో బి-షిఫ్ట్ దిగి, ఇంటికెళ్ళి తిని, రాత్రి 11 దాటాక కూర్చుంటాడు. నేను ట్యాంక్‌ని. నాకు ఎంత డిఫెన్స్ ఉందన్నది నేను చూసుకునేది ఒక్కదాంతోనే: అతను నా హెచ్‌పీ పడిపోవడం చూసి, హీల్ మొదలుపెట్టి, అది నా మీద పడేలోపు నేను నిలబడి ఉంటానా? మీ మూడు రకాల ట్యాంక్‌లనీ ఈ కొలతతోనే పోల్చండి, శాతాలతో కాదు.

పెద్ద గేమ్‌లు కూడా దీని దగ్గర తడబడ్డాయి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ట్యాంక్‌ల డాడ్జ్ బాగా పెరిగిపోయి, తగిలే కొద్ది దెబ్బలూ భయపెట్టాలంటే బాస్‌లు మరీ గట్టిగా కొట్టాల్సి వచ్చింది. 2008లో సన్‌వెల్ ప్లేటో, 2009లో ఐస్‌క్రౌన్ సిటడెల్ అనే బాస్‌ల స్థావరాల్లో అడుగుపెడితే చాలు, ట్యాంక్ డాడ్జ్‌లో 20 శాతం కోసేశారు. అది మందు కాదు, కట్టు మాత్రమే. నాకు నచ్చిన పరిష్కారం తర్వాత వచ్చింది. 2012లో మిస్ట్స్ ఆఫ్ పాండేరియాతో వచ్చిన బ్రూమాస్టర్ మాంక్ అనే ట్యాంక్‌కి స్టాగర్ అనే శక్తి ఇచ్చారు. దెబ్బలో కొంత వెంటనే పడుతుంది, మిగిలింది చీటీ వాయిదాల్లా కొద్దికొద్దిగా పడుతుంది. ఇంకొన్నేళ్ళకి, దెబ్బ తగిలిన ప్రతిసారీ తర్వాతి దెబ్బకి డాడ్జ్ ఛాన్స్ పెరిగేలా చేశారు. ఒకసారి తప్పించుకోగానే అది మళ్ళీ మామూలు స్థాయికి వస్తుంది.

మీరూ ఇదే చేయండి. డాడ్జ్‌ని 60 నుంచి 50కి దించండి. దెబ్బ తగిలిన ప్రతిసారీ 20 కలపండి: 50, 70, 90, ఆపైన 100. తప్పించుకోగానే మళ్ళీ 50. ఫైట్ మొత్తానికి సగటు దాదాపు 60 శాతమే వస్తుంది, కాగితం మీద వేసి చూడండి. వరసగా నాలుగో దెబ్బ తగలడం మాత్రం అసాధ్యం. దాంతోపాటు తగిలిన దెబ్బలో సగాన్ని 10 సెకన్ల మీదకి సర్దండి. మూడు వరసగా తగిలినా, మూడోది పడేసరికి పోయేది సుమారు 7,200. బతికే ఉంటాడు, హీలర్‌కి కళ్ళ ముందు కనిపిస్తూ ఉంటాడు.

కూల్‌డౌన్‌ల (ఒకసారి నొక్కితే మళ్ళీ నొక్కడానికి కొంతసేపు ఆగాల్సిన బటన్‌ల) గురించి మీరు అడగలేదు కానీ నేను చెప్పకుండా ఉండలేను. డిఫెన్స్ బటన్‌లు రెండు మూడు కలిపి నొక్కినప్పుడు శాతాల్ని కూడకండి. 40, 40, 30 కూడితే 110, అంటే ఆ కొద్ది సెకన్లూ ట్యాంక్‌ని ఎవరూ ఏమీ చేయలేరు. ఒక్కొక్కటి, ముందుది తగ్గించగా మిగిలినదాని మీద పనిచేయాలి. అప్పుడు మూడూ కలిసి తగ్గించేది 75 శాతం దగ్గర ఆగుతుంది. రెండో సంగతి టైమింగ్. బాస్ పెద్ద దెబ్బ 60 సెకన్లకోసారి వస్తుంటే, 60 సెకన్ల కూల్‌డౌన్ ప్రతి దెబ్బకీ అందుతుంది. 65 పెట్టారో, దెబ్బ విడిచి దెబ్బకే అందుతుంది. అయిదు సెకన్ల తేడాతో ఆ బటన్ విలువ సగం అయిపోతుంది. అందుకే ముందు బాస్ టైమ్ రాసుకోండి, తర్వాత బటన్ చేయండి.

మూడోవాడి సంగతి తేలిక. వార్‌క్రాఫ్ట్‌లో డెత్ నైట్ అనే ట్యాంక్ కొట్టే డెత్ స్ట్రైక్ గత 5 సెకన్లలో తిన్న డ్యామేజ్‌ని చూసి హీల్ చేస్తుంది. బతికి ఉంటేనే అది పనికొస్తుంది. కాబట్టి ఒక్క దెబ్బకి అతని హెచ్‌పీ మొత్తం ఎగిరిపోయే బాస్ ఉండకూడదు, లేదా ఆ దెబ్బకి వేరే బటన్ ఉండాలి.

టెస్ట్ బిల్డ్ రెడీ అయ్యాక పత్రిక చిరునామాకి పంపండి. మా రెయిడ్ వాళ్ళం ఆడి, ఎక్కడ చచ్చిపోయామో రాసి పంపుతాం. నాకు నిజంగా ఆడాలని ఉంది.

ప్రశ్న: ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ గేమ్‌లో పలాడిన్ అనే ట్యాంక్‌ని ఆడుతున్నాను. దెబ్బ నా మీద పడకముందే రాంపార్ట్ (దెబ్బని తగ్గించే బటన్) వేస్తున్నా పూర్తి డ్యామేజ్ పడుతోంది. పింగ్ (సర్వర్‌కి నొక్కు చేరడంలో ఆలస్యం) వల్లా? ఇంకోటి, ప్రాణం కాపాడే నా బటన్ హాలోడ్ గ్రౌండ్‌కి 420 సెకన్ల రీకాస్ట్ (మళ్ళీ నొక్కడానికి ఆగాల్సిన సమయం), వారియర్ అనే ఇంకో ట్యాంక్ వాడే హోమ్‌గ్యాంగ్‌కి 240 మాత్రమే. ఇది అన్యాయం కాదా?
– గాజువాక పాఠకుడు

జవాబు: పింగ్ కొంత కారణం, వైజాగ్ నుంచి ఆ సర్వర్లు దూరమే. అసలు కారణం వేరు. ఆ గేమ్‌లో చాలా దెబ్బల లెక్క బాస్ కాస్ట్ బార్ (దెబ్బకి సిద్ధమవుతున్నప్పుడు తెర మీద నిండే గీత) నిండిన క్షణంలోనే తేలిపోతుంది. కత్తి మీ మీద పడే బొమ్మ తర్వాత వస్తుంది. రాంపార్ట్ 20 సెకన్లు ఉంటుంది కదా, బార్ సగంలో ఉండగానే నొక్కేయండి. పింగ్ ఎంతున్నా సరిపోతుంది.

రెండోది అన్యాయం అనను. హోమ్‌గ్యాంగ్ దెబ్బల్ని ఆపదు, హెచ్‌పీని 1 కంటే దిగనివ్వదు, అంతే. ఆ 10 సెకన్లు అయ్యేలోపు హీలర్ నింపాలి. మీ హాలోడ్ గ్రౌండ్ దాదాపు అన్ని దెబ్బల్నీ ఆపేస్తుంది, మీకు ఆ టెన్షన్ లేదు. ఆ నిశ్చింతకి ధరే ఆ అదనపు 180 సెకన్లు. అయితే చంపే దెబ్బ నాలుగైదు నిమిషాలకోసారి వచ్చే ఫైట్‌లో వారియర్‌దే పైచేయి అని నేనూ ఒప్పుకుంటాను. అలాంటి చోట మొదటి దెబ్బకి మీరు, రెండోదానికి వారియర్ అని ముందే మాట్లాడుకోండి.