ఎక్స్‌టెన్షన్ వదులవుతోందన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

త్రీగన్ పోటీల (రైఫిల్, పిస్టల్, షాట్‌గన్ మూడూ కాల్చే పోటీల) కోసం రెమింగ్టన్ 870 పంపు షాట్‌గన్ కొన్నావనీ, దాని మ్యాగజైన్ గొట్టం చివర తగిలించే, రెండు తూటాలు అదనంగా పట్టే ఎక్స్‌టెన్షన్ తెప్పించి బిగించావనీ, కాసేపు కాల్చేసరికి అది వదులవుతోందనీ రాశావు. ఇంకాస్త గట్టిగా బిగిస్తే సరిపోతుందా అని అడిగావు. సరిపోదు. అసలు అక్కడ ఏం జరుగుతోందో ముందు చూడు.

నీ తుపాకీ బ్యారెల్ అడుగున ఒక రింగు ఉంది కదా, అది మ్యాగజైన్ గొట్టం (తూటాలు నింపే గొట్టం) మీదుగా జారి కూర్చుంటుంది. గొట్టం చివర ఉన్న మరల మీద మూత బిగిస్తే రింగు, దానితో పాటు బ్యారెల్ కదలకుండా నిలుస్తాయి. ఎక్స్‌టెన్షన్ పెట్టడానికి నువ్వు ఆ మూతనే తీసేశావు. ఇప్పుడు బ్యారెల్‌ను పట్టి ఉంచుతున్నది ఆ ఎక్స్‌టెన్షనే. రెండు తూటాలకు చోటిచ్చే గొట్టం ముక్క అని మాత్రమే అనుకోకు. అది అర చుట్టు వదులైతే బ్యారెల్ వదులైనట్టే. కంపెనీ మూత తనంతట తాను తిరిగిపోకుండా ఏర్పాటు ఉంటుంది. పాత 870లలో బ్యారెల్ రింగులో స్ప్రింగు మీద నిలిచిన చిన్న గుండు ఒకటి మూత గాట్లలో పడి ఆపుతుంది. తర్వాత వచ్చిన వాటిలో ఆ పనిని గొట్టం మూతిలోని ప్లాస్టిక్ ముక్క చేస్తుంది. బయట దొరికే చాలా ఎక్స్‌టెన్షన్లకు ఈ గాట్లు ఉండవు. 12 గేజ్ తూటా పేలిన ప్రతిసారీ వచ్చే కుదుపు ఆ మరల మీద పని చేస్తుంది. నీ గొట్టం వదులవడానికి కారణం అదే.

నీ స్నేహితుడి దగ్గర మోస్‌బర్గ్ 500 షాట్‌గన్ ఉందన్నావు. అతడు నిన్ను చూసి ఇలాంటిదే కొనకుండా ఆపు. దాని మ్యాగజైన్ గొట్టం చివర మూసి ఉంటుంది, ఇలా మరల మీద తగిలించడానికి అక్కడ వీలు లేదు. అదే కంపెనీ 590 వేరు, దాని గొట్టానికి విప్పే మూత ఉంటుంది.

ఇక పని. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి రా. తుపాకీ మూతిని సురక్షితమైన దిక్కుకు తిప్పి, చాంబర్‌ను (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటును) కంటితో చూడు, వేలితో తడిమి చూడు. మ్యాగజైన్ గొట్టాన్ని కూడా అలాగే చూడు. కళ్లద్దాలు పెట్టుకోకుండా గొట్టం విప్పవద్దు. లోపలి పొడవాటి స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది, చెయ్యి జారితే నేరుగా ముఖం మీదికి వస్తుంది. విప్పేటప్పుడు అరచేయి అడ్డం పెట్టి, నెమ్మదిగా వదులు.

గొట్టం మూతి దగ్గర లోపలికి నొక్కినట్టు రెండు చిన్న బుడిపెలు కనిపిస్తాయేమో చూడు. ప్లాస్టిక్ ముక్క ఉన్న తుపాకుల్లో అవి ఉంటాయి. అవి ఉంటే ఫాలోవర్, అంటే స్ప్రింగు ముందుండి తూటాలను నెట్టే ముక్క, ఎక్స్‌టెన్షన్‌లోకి దాటలేక అక్కడే తట్టుకుంటుంది. వాటిని తీసే పని ఇంట్లో పెట్టుకోకు, తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కు ఇవ్వు. పలుచని గొట్టం, ఒక్కసారి చెడితే గొట్టమే మార్చాలి.

మరలకు పట్టిన నూనె, మసి రెండూ పూర్తిగా తుడువు. బ్యారెల్‌ను రిసీవర్‌లోకి (తుపాకీ మధ్యనున్న లోహపు పెట్టెలోకి) చివరిదాకా నెట్టి, రింగు సరిగ్గా కూర్చున్నాక ఎక్స్‌టెన్షన్‌ను చేత్తో తిప్పి బిగించు. చేత్తో ఎంత బిగుసుకుంటే అంతే. పానా పట్టి తిప్పితే మరలు దెబ్బతింటాయి. ఎక్స్‌టెన్షన్ చివర బ్యారెల్ మూతిని దాటి ముందుకు రాకూడదన్నది కూడా గుర్తుంచుకో.

అసలు భద్రత క్లాంపుది. బ్యారెల్‌నూ ఎక్స్‌టెన్షన్‌నూ కలిపి పట్టుకునే ఆ రెండు ముక్కల పట్టీ లేకుండా నేనైతే ఆ తుపాకీని కాల్చను. ఎక్స్‌టెన్షన్ తిరగడానికి అది ఒప్పుకోదు, పొడుగాటి గొట్టానికి పక్కనుంచి దెబ్బ తగిలినా ఆ భారం మరల మీద ఒక్కచోటే పడకుండా చూస్తుంది. స్క్రూలను కారు చక్రం నట్లలా ఇటొకసారి అటొకసారి కొద్దికొద్దిగా బిగించు. బిగిస్తుంటే బ్యారెల్ గొట్టం వైపు వంగుతున్నట్టు కనిపిస్తే ఆగు. ఆ క్లాంపు నీ తుపాకీకి సరిపడేది కాదు. స్లగ్ (ఒకే పెద్ద గుండున్న తూటా) కాల్చినప్పుడు గుండు వేరే చోట పడడం చూసి చాలామంది సైటును తిడతారు, చాలాసార్లు తప్పు క్లాంపుది. దాన్ని బిగించాక గురి మళ్లీ సరిచూసుకోవాల్సిందే.

క్లాంపు స్క్రూలకు నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క చాలు, ఒక రోజు ఆరనివ్వు. ఎరుపు రకం వద్దు, దాన్ని విప్పాలంటే వేడి పెట్టాలి. గొట్టం మరలకు మాత్రం ఏదీ పూయకు. శుభ్రం చేయడానికి బ్యారెల్‌ను ప్రతిసారీ తీయాలి కదా. చివరగా రింగు మీది నుంచి ఎక్స్‌టెన్షన్ మీదికి పెయింటు పెన్నుతో సన్నని గీత ఒకటి గీయి. కాల్పుల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా తుపాకీ ఖాళీ చేసి ఆ గీత చూడు. గీత విరిగి రెండుగా కనిపిస్తే అక్కడితో కాల్చడం ఆపు.

అసలు తూటాల జోలికి వెళ్లే ముందు నారింజ రంగు డమ్మీ తూటాలు నింపి, పంపు లాగి లాగి చూడు. ఫాలోవర్ రెండు గొట్టాలు కలిసే చోట తట్టుకుంటే అప్పుడే తెలుస్తుంది. ఎక్స్‌టెన్షన్ మీద రాసిన సంఖ్య 2¾ అంగుళాల తూటాలకు చెప్పేది, 3 అంగుళాలవి తక్కువ పడతాయి.

చట్టం సంగతి. బాతుల వేటకు ఇదే తుపాకీ తీసుకెళ్తే చాంబర్‌లోదీ మ్యాగజైన్‌లోవీ కలిపి మూడు తూటాలే పట్టాలి. వలస పక్షుల విషయంలో 1935 నుంచి ఉన్న అమెరికా ఫెడరల్ నియమం ఇది. తుపాకీ విప్పకుండా ఊడిరాని ఒకే ముక్క ప్లగ్ (అదనపు తూటాలు పట్టకుండా అడ్డుకునేది) మ్యాగజైన్ లోపల ఉండాలి. రాష్ట్రాల నియమాలు వేరు. కొలరాడోలో గొట్టం మ్యాగజైన్‌లో 28 అంగుళాలకు మించి తూటాలు పట్టకూడదు. పోటీకి వేరే రాష్ట్రం వెళ్లేటప్పుడు ముందే చూసుకో. ఇంకొకటి, నీకు గ్రీన్ కార్డు ఉంది, నీతో ఉంటున్న కుర్రాడిది హెచ్1బి. వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడం సాధారణంగా ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది గానీ, ఆ అబ్బాయికి అది లేదు. బీరువా తాళం నీ దగ్గరే ఉంచుకో, తుపాకీ పక్కకు పెట్టమని కూడా అతడి చేతికి ఇవ్వకు.

క్లాంపు పెట్టాక స్క్రూలకు చుక్క వేయకముందే నాకొక ఫోటో పంపు. పంపు పిడిని పూర్తిగా ముందుకు తోసి ఆ ఫోటో తీయి. పిడికీ క్లాంపుకీ మధ్య ఖాళీ ఎంతుందో చూసి చెబుతాను.

మామయ్య