డైరెక్టర్ల ముందు ఒక్క పేజీ

చి. అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

సోమవారం డైరెక్టర్లకు ప్రాజెక్టు షెడ్యూల్ నువ్వే చూపించబోతున్నావని మీ నాన్న చెప్పాడు. చేరి పట్టుమని నాలుగేళ్లు కాలేదు, అప్పుడే ఆ గదిలోకి పిలిచారంటే మాటలు కాదు. మీ పెద్దమ్మ వీధంతా చెప్పి వచ్చింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. "వివరాలు వద్దట, ఒక్క పేజీ చాలట" అన్నావటగా, అందుకు.

ఒక్క పేజీ అడగడం తప్పు కాదు. లెవెల్ 1 షెడ్యూల్, అంటే ప్రాజెక్టు మొత్తాన్ని ఒక్క చూపులో చూపే పట్టిక, ఉన్నదే అందుకు. బార్లు (ఒక్కో పెద్ద పనికి ఎంత కాలమో చూపే పట్టీలు) ఇరవైకి మించనివ్వకు, అక్షరాలు పెద్దవిగా వెయ్యి, ఏ తేదీ నాటి లెక్కో రాయి. ఇవి నేను చెప్పాలా నీకు?

నా భయం వేరు. ఒక్కో బారు కింద ప్రైమవేరా సాఫ్ట్‌వేర్‌లో వందల పనులుంటాయి. వాటిని పైకి మడిచేసరికి మధ్యలోని ఎదురుచూపులన్నీ మాయమై నున్నటి పట్టీ మిగులుతుంది. చూసేవాళ్లకు అది సాగదీసిన రబ్బరులా కనిపిస్తుంది.

గోదావరి డెల్టాలో ఒక విద్యుత్ కేంద్రం కడుతున్నప్పుడు మా ప్లానింగ్ మేనేజర్ అలాంటి పేజీనే పెట్టారు. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒకటే బారు, ఆర్డరు నుంచి బిగింపు దాకా. చైర్మన్ దానిమీద పెన్ను ఆనించి, "ఇంత పొడుగెందుకు? రెండు నెలలు తగ్గించండి" అన్నారు. మేనేజర్ "అలాగే సార్" అని అక్కడికక్కడే మౌస్‌తో బారును కుదించేశారు. వెనక కుర్చీల్లో లెవెల్ 3, అంటే పనుల వివరాలన్నీ ఉన్న షెడ్యూల్ కాగితాల కట్టలతో కూర్చున్న మమ్మల్ని ఎవరూ అడగలేదు.

సైటుకు వచ్చే దారిలో పంట కాలువ మీద పాత వంతెన ఉంది. రెండు వందల టన్నుల సరుకు దానిమీద నడవాలంటే కింద ఆసరా కట్టాలి. అందుకు కాలువలో నీళ్లు ఉండకూడదు. డెల్టా కాలువలు కట్టేసేది వేసవిలోనే, జూన్‌లో మళ్లీ వదిలేస్తారు. బారు మధ్యభాగమంతా ఆ రోజుల కోసం ఎదురుచూపే. రెండు నెలలు వెనక్కి లాగితే ఫిబ్రవరి వస్తుంది, దాళ్వా వరికి కాలువ నిండుగా పారే కాలం. లెవెల్ 3లో ఇదంతా ఉంది. పేజీలో లేదు.

కుదించిన తేదీనే బ్యాంకులకూ చెప్పేశారు. ట్రాన్స్‌ఫార్మర్ ముందే బయలుదేరి వచ్చి కాలువ ఇవతల ఆగిపోయింది. ట్రైలర్ అద్దె రోజురోజుకూ పెరిగింది. డ్రైవర్లు చెట్టుకింద వండుకు తిన్నారు, ఊరి పిల్లలు చక్రాలు లెక్కపెట్టుకున్నారు. తిట్లు మాత్రం సైటువాళ్లు తిన్నారు.

కాబట్టి మన చేతిలో లేని తేదీలను (వానలు, అనుమతులు, కాలువలు) వేరే రంగులో ఆ పేజీ మీదే చూపించు. క్రిటికల్ పాత్, అంటే ఒక్కరోజు జారినా ప్రాజెక్టు మొత్తం జారే పనుల వరస, ఎర్రగా ఉండాలి. మిగతా బార్ల పక్కన ఫ్లోట్ (ముగింపు తేదీ మారకుండా ఆ పని జారగల వెసులుబాటు) ఎన్ని రోజులో వెయ్యి.

కింద పనుల వివరమేమీ లేని బార్లు కూడా ఉంటాయి, అవి ఇంకా ప్రమాదం. సిడ్నీ ఒపెరా హౌస్ పని 1959లో మొదలైంది, 1963కల్లా అయిపోతుందన్నారు. పైకప్పు ఎలా కట్టాలో తేలకముందే పునాదులు వేశారు. తెరిచింది 1973లో. నీ పేజీలో అలాంటి పైకప్పు ఏదైనా ఉంటే చుక్కల గీతగానే వెయ్యి. నిండు బారు వేస్తే అది మాట ఇచ్చినట్టే.

ఇక నీ సంగతి. పెద్దవాళ్లు ఏమడిగినా ముందు తలూపడం నీ చిన్ననాటి జబ్బు. ఆ పెళ్లిలో ఎవరో అడిగారని, నువ్వు తినకుండా మూడు బంతులకు వడ్డించావు, గుర్తుందా? పిచ్చిదానా, ఆ గదిలో అలా చెయ్యకు. తగ్గించమంటే, "ఏ పని తగ్గితే ఇది తగ్గుతుందో చూసి రేపు చెబుతాను" అను. కోప్పడితే కోప్పడనీ. లెవెల్ 3 ఫైలు పక్క కంప్యూటర్‌లో తెరిచే ఉంచు.

శనివారం లోపు సైటు సూపర్‌వైజర్లతో కూర్చుని ఒక్కో బారూ అడుగు, టీ నువ్వే తెప్పించు. ఆదివారం నాకు అన్నీ పంపు. పేజీ ఒక్కటీ కాదు, కింది ఫైలు కూడా. కళ్లజోడు కొత్తది చేయించుకున్నాను, చదవగలను.

ఇట్లు,
పెదనాన్న